రెండోసారి నడిపితే ఏమవుతుంది? డేటాబేస్ సెటప్ స్క్రిప్టులు సగంలో ఆగే తీరు

ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా చిన్న చిన్న సర్వర్లు చాలానే ఉన్నాయి. కాలేజీ లైబ్రరీలో ఒకటి, పలాస జీడిపప్పు ఫ్యాక్టరీ ఆఫీసులో ఒకటి, రైస్‌మిల్లులో తూకం లెక్కలకు ఒకటి, డయాగ్నస్టిక్ సెంటర్లో రిపోర్టులకు ఒకటి. వీటికి సొంత సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ అంటూ ఎవరూ ఉండరు. శ్రీకాకుళం నుంచో విజయనగరం నుంచో ఒక కుర్రాడు పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని బస్సెక్కి వెళ్తాడు. ఆటోమేటిక్ ఇన్‌స్టలేషన్ మొదలుపెట్టి టీ తాగి వచ్చేసరికి స్క్రీన్ మీద ‘పూర్తయింది’ అని ఉంటుంది. సాయంత్రం బస్సుకి తిరిగొచ్చేస్తాడు. మర్నాడు ఫోను: “ఏటి బావూ, నిన్న రేతిరి బాగానే ఉంది గదా, పొద్దుటికి ఏటైపోనాది?”

పొద్దుటికి కొత్తగా ఏమీ అయిపోలేదు. రాత్రి కూడా అది బాగాలేదు. బాగున్నట్టు చెప్పిందంతే.

ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కడం, ప్యాకేజీలు దిగడం, వెబ్ సర్వర్ లేవడం వంటి పనులు తప్పితే వెంటనే తెలిసిపోతాయి. డేటాబేస్ సెటప్ అలా కాదు. అందులో గుర్తుంచుకునే వస్తువు ఒకటుంది: డేటా డైరెక్టరీ, అంటే డేటా మొత్తం ఉండే ఫోల్డరు. వెబ్ సర్వర్ సెట్టింగు ఫైలును పదిసార్లు రాసినా చివరిసారి రాసిందే మిగులుతుంది. డేటాబేస్‌లో మొదటిసారి జరిగింది రెండోసారికి అడ్డం పడుతుంది. ఈ రంగంలో నేను చూసిన చిక్కుముళ్లలో చాలావాటి మూలం ఇక్కడే ఉంది.

స్క్రిప్టు అంటే ఆదేశాలను వరసగా తనంతట తానే నడిపే ఫైలు. అది చేసే పని పైకి చిన్నదే. డేటాబేస్ సర్వరును లేపాలి, దానిలోకి పెద్ద అధికారంతో వెళ్లాలి, ఖాళీ డేటాబేస్ ఒకటి సృష్టించాలి, అప్లికేషన్‌కు ఒక యూజరును ఇవ్వాలి, టేబుళ్లు కట్టాలి, మొదటి డేటా పోయాలి, పాస్‌వర్డును అప్లికేషన్ సెట్టింగుల్లో రాయాలి. ఇదంతా చేత్తో చేసే మనిషి తనకు తెలియకుండానే ఇంకొన్ని పనులు చేస్తాడు. సర్వర్ లేవకపోతే కాసేపు ఆగుతాడు. ఎర్రర్ వస్తే కిందికి పోకుండా చదువుతాడు. ప్రశ్న అడిగితే జవాబు కొడతాడు. స్క్రిప్టు రాసేటప్పుడు కొట్టిన ఆదేశాలనే కాపీ చేస్తాం గానీ, ఈ ఆగడాలూ చదవడాలూ అందులోకి రావు.

మొదట ఆగడం సంగతి. డేటాబేస్ మొదటిసారి లేచేటప్పుడు లోపల చాలా పనుంటుంది. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ తన సిస్టమ్ టేబుళ్లు, లాగ్ ఫైళ్లు తయారు చేసుకోవాలి. ఎస్‌ఎస్‌డీ ఉన్న కొత్త ల్యాప్‌టాప్‌లో అది కొన్ని సెకన్ల ముచ్చట, పాత హార్డ్‌డిస్కున్న ఆఫీసు కంప్యూటర్లో చాలా పొద్దు. షట్టర్ లేచినంత మాత్రాన కొట్లో బేరం మొదలైనట్టు కాదు కదా. స్క్రిప్టు మాత్రం ప్రాసెస్ మొదలవగానే తలుపు తడుతుంది, కనెక్షన్ కుదరదు. దీనికి జనం చేసే వైద్యం ‘పది సెకన్లు ఆగు’ అని ఒక లైను రాయడం. పది చాలకపోతే ముప్పై. ఇది వైద్యం కాదు, జోస్యం. ఒక చిన్న ప్రశ్న పంపి జవాబొచ్చేదాకా రెండేసి సెకన్లకోసారి అడుగుతూ, మూడు నిమిషాలు దాటితే మాత్రం గట్టిగా ఎర్రర్ చెప్పి ఆగేలా రాయాలి.

ప్రోగ్రాములను కంటైనర్లనే విడి పెట్టెల్లో నడిపే డాకర్ వాడేవాళ్లకు ఇందులో మరో మెలిక. ఏ కంటైనర్లు నడవాలో రాసుకునే కంపోజ్ ఫైల్లో ‘ఇది దాని మీద ఆధారపడింది’ అని ఊరికే రాస్తే అవతలి కంటైనర్ మొదలైందా లేదా అన్నదే చూస్తుంది, సిద్ధమైందా అని చూడదు. హెల్త్‌చెక్ (అది పనిచేస్తోందా అని అడిగే తనిఖీ) పెట్టి, అది ఆరోగ్యంగా ఉందని తేలాకే మొదలవ్వాలని విడిగా షరతు రాయాలి. అక్కడితోనూ అయిపోదు. మైఎస్‌క్యూఎల్‌కు, పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్‌కు ఉన్న అధికారిక ఇమేజీలు (కంటైనర్ పుట్టే మూసలు) మొదటిసారి లేచేటప్పుడు లోపల ఒక తాత్కాలిక సర్వరును నడుపుతాయి. దానికి నెట్‌వర్క్ ఉండదు, సాకెట్ మీదే, అంటే ఆ కంటైనర్ లోపలి దారిలోనే, పలుకుతుంది. సెటప్ ఫైళ్లన్నీ దాని మీద నడిపి, ఆపేసి, అప్పుడు అసలు సర్వరును లేపుతాయి. మీ హెల్త్‌చెక్ సాకెట్ ద్వారా అడిగితే ఆ తాత్కాలిక సర్వరు ‘ఉన్నాను’ అంటుంది, అప్లికేషన్ పరుగెత్తుకొచ్చేసరికి అది మూతపడుతూ ఉంటుంది. నెట్‌వర్క్ చిరునామా మీద అడిగితే ఈ మోసం ఉండదు.

తర్వాతది, లోపలికి ఎవరి పేరుతో వెళ్తున్నామన్నది. ఉబుంటు లైనక్స్‌లో మైఎస్‌క్యూఎల్ 5.7 నుంచి రూట్ (పూర్తి అధికారమున్న) యూజరుకు పాస్‌వర్డ్ బదులు సాకెట్ గుర్తింపు ఉంటుంది. అంటే కంప్యూటర్లో మీరు రూట్ అయితే డేటాబేస్‌లోనూ రూటే, పాస్‌వర్డ్ అడగదు. ఇన్‌స్టలేషన్ వేళ స్క్రిప్టు రూట్‌గా నడుస్తుంది గనక సాఫీగా పోతుంది. అదే స్క్రిప్టును మర్నాడు మామూలు యూజరుగా లాగిన్ అయి నడిపితే ‘అనుమతి లేదు’ అంటుంది. మైఎస్‌క్యూఎల్ నుంచి చీలిన మరియాడీబీలో 10.4 నుంచి అటూఇటూగా ఇదే దారి. రెడ్‌హ్యాట్ కుటుంబపు లైనక్స్‌లలో మైఎస్‌క్యూఎల్ సొంత ప్యాకేజీలు పెడితే వేరే కథ: మొదటిసారి లేచినప్పుడు ఒక తాత్కాలిక పాస్‌వర్డ్ పుట్టి లాగ్ ఫైల్లో రాయబడుతుంది, దాన్ని మార్చేదాకా ఏ పనీ చేయనివ్వదు. మార్చబోతే పాస్‌వర్డ్ గట్టితనం చూసే తనిఖీ ఒకటి కూర్చుని ఉంటుంది. పెద్దక్షరం, చిన్నక్షరం, అంకె, ప్రత్యేక గుర్తు అన్నీ కావాలంటుంది. మనవాళ్లు అలవాటుగా పెట్టే ‘అడ్మిన్123’ అక్కడ చెల్లదు.

ప్రశ్నలడిగే సెక్యూరిటీ ప్రోగ్రాములను ఆటోమేటిక్ ఇన్‌స్టలేషన్‌లో పెట్టకండి. జవాబు చెప్పే కీబోర్డే అక్కడ ఉండదు. అది చేసే పనులన్నీ మామూలు ఎస్‌క్యూఎల్ ఆదేశాలే, వాటినే రాసుకోవచ్చు.

ఇక అసలు విషయం: సగంలో ఆగడం.

ముప్పై టేబుళ్లు కట్టాల్సిన స్క్రిప్టు పదిహేడో టేబుల్ దగ్గర ఆగిందనుకోండి. ముందు కట్టిన పదహారూ వెనక్కి పోతాయా? పోస్ట్‌గ్రెస్‌లో పోతాయి. అక్కడ టేబుల్ కట్టే ఆదేశాలను కూడా ఒకే ట్రాన్సాక్షన్‌లో మూటకట్టవచ్చు, ఒకటి తప్పితే మూట మొత్తం రద్దవుతుంది. డేటాబేస్‌ను సృష్టించే ఆదేశం మాత్రం ఆ మూటలో ఇమడదు. మైఎస్‌క్యూఎల్‌లో టేబుల్ కట్టే ప్రతి ఆదేశం అప్పటిదాకా జరిగినదాన్ని తనంతట తానే ఖాయం చేసేస్తుంది. వెర్షన్ 8.0 వచ్చాక ఒక్కో ఆదేశం విడిగా చూస్తే అయితే పూర్తిగా జరుగుతుంది లేకపోతే అసలు జరగదు, కానీ ముప్పై ఆదేశాలను ఒకటిగా చూడదు. కనుక పదహారు టేబుళ్లు అక్కడే ఉండిపోతాయి. కుర్రాడు తప్పు సరిదిద్ది మళ్లీ నడిపితే మొదటి టేబుల్ దగ్గరే ‘ఇది ఇప్పటికే ఉంది’ అని ఆగుతుంది. ఇప్పుడు కనిపిస్తున్న ఎర్రర్‌కు అసలు తప్పుతో సంబంధమే లేదు.

‘లేకపోతేనే కట్టు’ అనే మాటను ప్రతి ఆదేశానికీ తగిలిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సగమే సరిపోతుంది. ఆ మాట టేబుల్ పేరు చూస్తుంది, లోపలి కాలమ్‌లు చూడదు. పాత నిర్మాణంతో టేబుల్ ఉన్నా ‘ఉంది’ అనే అంటుంది.

దీనికంటే తమాషా పాస్‌వర్డ్ దగ్గర జరుగుతుంది. మంచి స్క్రిప్టులు ప్రతిసారీ ఒక కొత్త పాస్‌వర్డ్ పుట్టిస్తాయి. మొదటిసారి యూజరు పుట్టాడు, పాస్‌వర్డ్ పెట్టింది, తర్వాత టేబుళ్ల దగ్గర ఆగిపోయింది. రెండోసారి మళ్లీ కొత్త పాస్‌వర్డ్ పుట్టింది. ‘యూజరు లేకపోతేనే సృష్టించు’ అన్నాం, యూజరు ఉన్నాడు, కనుక మైఎస్‌క్యూఎల్ ఒక చిన్న హెచ్చరిక చెప్పి ముందుకెళ్లింది. పాస్‌వర్డ్ మార్చలేదు. స్క్రిప్టు మాత్రం కొత్త పాస్‌వర్డునే అప్లికేషన్ సెట్టింగుల్లో రాసింది. అన్ని అడుగులూ విజయం, చివర్లో ‘పూర్తయింది’, అప్లికేషన్ తెరిస్తే ‘అనుమతి లేదు’. సెట్టింగుల ఫైలు చూస్తే సరిగ్గానే ఉంటుంది, స్క్రిప్టు చూస్తే సరిగ్గానే ఉంటుంది. సృష్టించిన వెంటనే పాస్‌వర్డ్ మార్చే ఆదేశాన్ని కూడా ఎప్పుడూ నడిపించాలి, లేదా మొదటిసారి పుట్టిన పాస్‌వర్డును ఫైల్లో దాచి రెండోసారి దాన్నే వాడాలి. పోస్ట్‌గ్రెస్‌లో డేటాబేస్‌కు గానీ యూజరుకు గానీ ఈ ‘లేకపోతేనే’ సౌకర్యమే లేదు, ముందు కేటలాగ్‌లో (డేటాబేస్ తనలో ఏమున్నాయో రాసుకునే జాబితాలో) వెతికి చూసుకుని రాయాల్సిందే.

డాకర్‌లో సగం ఆగితే దెబ్బ ఇంకా గట్టిది. సెటప్ ఫైళ్లు పెట్టే ప్రత్యేక ఫోల్డరు డేటా డైరెక్టరీ ఖాళీగా ఉన్నప్పుడు మాత్రమే నడుస్తుంది. మొదటిసారి సగంలో ఆగినా డైరెక్టరీ నిండిపోతుంది. రెండోసారి కంటైనర్ లేచినప్పుడు ‘డేటా ఉంది కదా’ అని సెటప్ మొత్తాన్నీ దాటేస్తుంది, ఒక్క ఎర్రర్ కూడా ఉండదు. కంటైనర్ తీసేసి మళ్లీ పెట్టినా వాల్యూమ్ (డేటా దాచే చోటు) అలాగే ఉంటుంది గనక ఫలితం మారదు. ఆ వాల్యూమ్‌ను తీసేయాలి, అందులో పనికొచ్చే డేటా ఏదీ లేదని రూఢి చేసుకున్నాక మాత్రమే. కరెంటు మధ్యలో పోయినా ఇదే స్థితి. నడుస్తున్న డేటాబేస్ కరెంటు పోయినా లాగ్ చూసుకుని కోలుకుంటుంది. డైరెక్టరీని మొదటిసారి తయారుచేస్తున్న ఘడియలో పోతే కోలుకోవడానికి దాని దగ్గర ఏమీ ఉండదు. మళ్లీ నడిపితే మైఎస్‌క్యూఎల్ ‘డైరెక్టరీలో ఫైళ్లున్నాయి’ అని మొండికేస్తుంది. సిక్కోలు పల్లెల్లో వానాకాలం సర్వర్ పెట్టేవాళ్లు ముందు యూపీఎస్ బ్యాటరీ చూసుకునేది ఊరికే కాదు.

మరి స్క్రిప్టు ‘పూర్తయింది’ అని ఎందుకంటుంది? తప్పు జరిగినట్టు దానికి ఎవరూ చెప్పకపోవడం వల్ల. పోస్ట్‌గ్రెస్ కమాండ్‌లైన్ క్లయింటుకు ఒక ఎస్‌క్యూఎల్ ఫైలు ఇస్తే, మధ్యలో ఎర్రర్ వచ్చినా తర్వాతి ఆదేశానికి వెళ్లిపోతుంది, చివర్లో విజయం అనే సంకేతమే ఇస్తుంది. ఎర్రర్ దగ్గర ఆగమని విడిగా సెట్టింగు పెడితేనే ఆగుతుంది. మైఎస్‌క్యూఎల్ క్లయింటు మొదటి ఎర్రర్ దగ్గరే ఆగుతుంది, కానీ ఎవరో ఎప్పుడో విసుగొచ్చి ఎర్రర్లను దాటేసే ‘ఫోర్స్’ ఆప్షన్ తగిలించి ఉంటారు. ఇంకొకటి, అవుట్‌పుట్‌ను లాగ్ ఫైల్లోకి కూడా పంపుదామని పైప్ (ఒక ప్రోగ్రామ్ అవుట్‌పుట్‌ను ఇంకోదానికి అందించే గొట్టం) పెడతాం. అప్పుడు ఆదేశాలు నడిపే షెల్‌కు కనిపించేది పైప్‌లో చివరి ప్రోగ్రామ్ ఫలితం, అంటే లాగ్ రాసే ప్రోగ్రామ్‌ది. డేటాబేస్ కూలిపోయినా లాగ్ చక్కగా రాసింది గనక అది విజయం. పైప్‌ఫెయిల్ అనే షెల్ సెట్టింగు ఉన్నది దీనికోసమే. స్క్రిప్టు మొదటి రెండు లైన్లలో అది లేకపోతే ఆ స్క్రిప్టు చెప్పే ‘పూర్తయింది’ని నేను నమ్మను.

వెర్షన్ల సంగతికొస్తే, మన జిల్లాల్లో దీనికో ప్రత్యేక కారణముంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి, చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. సెటప్ స్క్రిప్టు అవసరం అలాంటి రోజుల తర్వాతే పడుతుంది: పాత యంత్రం తడిసిపోయింది, కొత్తది కొన్నారు, ఏళ్ల క్రితం రాసిన స్క్రిప్టును బయటికి తీశారు. ఈలోగా కింద నేల మారిపోయి ఉంటుంది. ఉబుంటు 18.04లో మైఎస్‌క్యూఎల్ అంటే 5.7, 20.04లో 8.0. హక్కులిచ్చే ఆదేశంలోనే పాస్‌వర్డ్ కూడా చెప్పి యూజరును పుట్టించే పాత పద్ధతి 8.0లో పనిచేయదు. ముందు యూజరును సృష్టించాలి, తర్వాత హక్కులివ్వాలి. లాగిన్ పద్ధతి కూడా 8.0లో మారింది గనక పాత పీహెచ్‌పీ అప్లికేషన్లు సరైన పాస్‌వర్డుతోనే బయట నిలబడిపోయాయి. డెబియన్ అనే ఇంకో లైనక్స్‌లో 9వ వెర్షన్ నుంచి మైఎస్‌క్యూఎల్ స్థానంలో మరియాడీబీ వస్తోంది.

పోస్ట్‌గ్రెస్ 15 చేసిన మార్పు ఇంకా చాపకింద నీరు. 2022 అక్టోబరులో వచ్చిన ఆ వెర్షన్ దాకా పబ్లిక్ స్కీమాలో (డేటాబేస్ లోపల టేబుళ్లుండే ఉమ్మడి గదిలో) ఎవరైనా టేబుళ్లు కట్టుకోవచ్చు. 15లో ఆ స్వేచ్ఛ తీసేశారు. ‘డేటాబేస్ మీద అన్ని హక్కులూ ఇచ్చాను’ అని స్క్రిప్టు రాసిన మనిషి ధీమాగా ఉంటాడు, కానీ డేటాబేస్ మీద హక్కు స్కీమా మీద హక్కు కాదు. డెబియన్ 11లో పోస్ట్‌గ్రెస్ 13 కనుక స్క్రిప్టు నడిచింది. డెబియన్ 12లో 15 కనుక మొదటి టేబుల్ దగ్గరే ఆగింది. డేటాబేస్ సృష్టించేటప్పుడే అప్లికేషన్ యూజరును యజమానిగా రాస్తే ఈ గొడవ లేదు.

వెర్షన్ చెప్పకుండా ‘ఏది కొత్తదైతే అది తెచ్చుకో’ అని రాసిన ప్రతి స్క్రిప్టూ ఎవరో ఒకరి మీద బాకీ మోపుతుంది.

తెలుగు డేటా ఉన్నచోట వచ్చే తప్పులు ఇంగ్లిష్ మాన్యువల్స్‌లో దొరకవు కనుక దీన్ని కాస్త విడమర్చాలి. స్క్రిప్టు చివర్లో పోసే మొదటి డేటాలో సాధారణంగా జిల్లాలు, మండలాల జాబితా ఉంటుంది. ‘శ్రీకాకుళం’ కంటికి నాలుగు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో ఒత్తులు, గుణింతాలు, పొల్లు, సున్నా విడివిడిగా లెక్కేస్తే పది. యూనికోడ్‌ను బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు, అంటే ముప్పై బైట్లు. ఇరవై గుర్తులు పట్టే కాలమ్‌లో ఇది హాయిగా పట్టాలి. పట్టదు, ‘డేటా మరీ పొడుగుంది’ అని ఎర్రర్ వస్తుంది కొన్నిసార్లు. ఎందుకంటే కనెక్షన్ తీసుకున్న క్లయింటు తన భాషా సంకేతం ఏమిటో చెప్పలేదు. మైఎస్‌క్యూఎల్ 5.7 క్లయింటుకు మనమూ ఏమీ చెప్పక, సిస్టమ్‌లో భాషా సెట్టింగు కూడా లేకపోతే లాటిన్-1 (యూరప్ భాషల సంకేతం) అనుకుంటుంది. అప్పుడు ముప్పై బైట్లూ ముప్పై విడివిడి లాటిన్ అక్షరాలుగా లెక్కకొచ్చి ఇరవైలో ఇమడవు. కాలమ్ ఇంకా వెడల్పుగా ఉంటే ఇంకా ప్రమాదం, ఎర్రర్ రాదు, పిచ్చిగీతలు లోపలికి వెళ్లి కూర్చుంటాయి. కాలమ్ పొడుగు పెంచి ఎర్రర్‌ను నోరు మూయించిన వాళ్లకు దొరికే బహుమానం అది. ఎస్‌క్యూఎల్ ఫైలు మొదటి లైనులో యూటీఎఫ్8ఎంబీ4 అని కనెక్షన్‌కు చెప్పడం, డేటాబేస్ సృష్టించేటప్పుడు కూడా అదే రాయడం, ఈ రెండూ కావాలి. మైఎస్‌క్యూఎల్‌లో ఊరికే యూటీఎఫ్8 అంటే మూడు బైట్ల దాకానే. తెలుగు పడుతుంది, ఎవరో వ్యాఖ్యలో నవ్వు మొహం ఎమోజీ పెడితే పడదు.

పోస్ట్‌గ్రెస్‌లో ఇదే జబ్బు లొకేల్ (సిస్టమ్ భాషా సెట్టింగు) రూపంలో వస్తుంది. కనీస ఇమేజీల్లో భాషా సెట్టింగు ఏదీ ఉండదు, అలాంటి చోట మొదలుపెట్టిన డేటాబేస్ ఆస్కీ సంకేతంతో పుడుతుంది. తర్వాత యూటీఎఫ్-8 డేటాబేస్ అడిగితే మూసతో కుదరదంటుంది. టెంప్లేట్0 అనే ఖాళీ మూసను పేరుపెట్టి అడిగితే ఇస్తుంది.

ఇదే జిల్లాల జాబితాతో ఇంకో తప్పు. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి, రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాకు వచ్చింది. ఇలాంటి మార్పును జనం పాత డేటాబేస్ మీద చేత్తో నడిపి, బాగానే ఉందని చూసుకుని, ఆ ఫైలుకు తర్వాతి నంబరు 10 ఇచ్చి ఫోల్డర్లో పడేస్తారు. ఫోల్డర్లోని ఫైళ్లు అక్షరక్రమంలో నడుస్తాయి. ఆ క్రమంలో 10 అన్నది 2 కంటే ముందు. కొత్త సర్వర్లో జిల్లాల ఫైలు రాకముందే మండలాల మార్పు నడిచి, ‘ఈ జిల్లా కోడ్ లేదు’ అని ఫారిన్ కీ (టేబుళ్ల మధ్య లంకె) ఎర్రర్ ఇస్తుంది. తొమ్మిది ఫైళ్ల దాకా అందరికీ పనిచేసిన స్క్రిప్టు పదో ఫైలుతో కూలుతుంది. 01, 02 అని మొదటి నుంచీ రాసుకుంటే ఈ బెడద ఉండదు.

చిల్లర కారణాలు ఇంకొన్ని ఉన్నాయి. విండోస్ నోట్‌ప్యాడ్‌లో కొత్తగా రాసిన షెల్ స్క్రిప్టులో లైను చివర అదనపు గుర్తు చేరి, అసలు మొదలే కాదు. బ్యాటరీ చచ్చిన మదర్‌బోర్డులో తేదీ వెనకబడి, ప్యాకేజీల పట్టిక ‘ఇంకా చెల్లుబాటులోకి రాలేదు’ అని తిరస్కారమవుతుంది. ఉబుంటు లేవగానే తన అప్‌డేట్లు తాను మొదలుపెట్టి ప్యాకేజీ తాళం పట్టుకుని కూర్చుంటుంది. డేటా కోసం కొత్త డిస్కు తగిలిస్తే, ఫార్మాట్ చేసినప్పుడే పుట్టిన లాస్ట్ అండ్ ఫౌండ్ ఫోల్డరు చూసి పోస్ట్‌గ్రెస్ ‘ఖాళీ లేదు’ అంటుంది, లోపల ఇంకో ఫోల్డరు చేసి ఇవ్వాలి. డెబియన్ ఇన్‌స్టాలర్ చివరి అడుగులో డేటాబేస్ స్క్రిప్టు పెట్టేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది, అప్పటికి కొత్త సిస్టమ్ ఇంకా బూట్ అవ్వలేదు, సర్వీసులను లేపే సిస్టమ్‌డీ అక్కడ నడవడం లేదు. ఆ పనిని మొదటి బూట్‌కు వాయిదా వేయాలి.

లాగ్ చదివేటప్పుడు కింది నుంచి పైకి పోకండి. చివరి ఎర్రర్ దాదాపు ఎప్పుడూ మొదటిదాని పర్యవసానమే. పై నుంచి చదువుతూ మొదటి ఎర్రర్ దగ్గర ఆగి, దాని సమయం చూసి, అదే సమయానికి డేటాబేస్ సర్వర్ సొంత లాగ్‌లో ఏముందో పక్కన పెట్టుకోవాలి. స్క్రిప్టు లాగ్‌లో ‘కనెక్షన్ కుదరలేదు’ అని మాత్రమే ఉంటుంది. మెమరీ చాలక లైనక్స్ డేటాబేస్‌ను చంపేసిందా, డేటా ఫోల్డరు మీద అనుమతి లేదా అన్నది రెండోచోటే తెలుస్తుంది. మనిషి లేని ఇన్‌స్టలేషన్‌లో మొదటి బూట్‌లో సెటప్ నడిపే క్లౌడ్-ఇనిట్ తన అవుట్‌పుట్‌ను /var/log ఫోల్డర్లో దాచిపెడుతుంది, స్క్రీన్ మీద పోయిందని కంగారు పడక్కర్లేదు.

స్క్రిప్టు చివరి అడుగు ‘పూర్తయింది’ అని ముద్రించడం అవ్వకూడదు. రూట్ కాకుండా అప్లికేషన్ యూజరుతో, సెట్టింగుల ఫైల్లో రాసిన పాస్‌వర్డునే చదివి, అప్లికేషన్ వాడే చిరునామా మీదే కనెక్ట్ అవ్వాలి. మైఎస్‌క్యూఎల్‌లో లోకల్‌హోస్ట్ అంటే సాకెట్, 127.0.0.1 అంటే నెట్‌వర్క్, రెండూ వేరు దారులు. ఒక టేబుల్లో ‘శ్రీకాకుళం’ అని రాసి, తిరిగి చదివి, పది గుర్తులూ అవేనా అని పోల్చి, ఆ వరుసను చెరిపేయాలి. తేడా వస్తే సున్నా కాని సంకేతంతో ఆగిపోవాలి. ఈ తనిఖీ కూడా కలిపిన స్క్రిప్టును పెన్‌డ్రైవ్‌లో వేసుకునే ముందు ఒక వర్చువల్ మెషీన్లో (కంప్యూటర్ లోపల నడిచే ఉత్తుత్తి కంప్యూటర్లో) మొదటిసారి పూర్తిగా నడపండి, రెండోసారి దాని మీదే మళ్లీ నడపండి, మూడోసారి స్నాప్‌షాట్‌కు (ముందే దాచుకున్న స్థితికి) వెనక్కెళ్లి టేబుళ్లు కడుతుండగా మెషీన్‌ను టక్కున ఆపేసి, లేపి, ఇంకోసారి నడపండి.